జారే నేల, జారుకునే సర్కారు

2023 డిసెంబర్ 8. ఛత్తీస్‌గఢ్ ఎన్నికల ఫలితాలు వచ్చి ఐదు రోజులైనా కొత్త ముఖ్యమంత్రి ఎవరన్నది బీజేపీ తేల్చలేదు. రాయపూర్‌లో ఆ పార్టీ ఆఫీసు గేటు దగ్గర పడిగాపులు కాసి కాసి విసుగెత్తి, ఆ ఉదయం నయా రాయపూర్‌లో నాకు తెలిసిన ఒక తెలుగు వారింటికి ఉప్మా తినడానికి వెళ్లాను. వాల్తేరు లైనులో పనిచేసి రిటైరైన పెద్దాయన, ఆయన భార్య, సచివాలయంలో చిన్న ఉద్యోగం చేసే కొడుకు, కోడలు. సొంతూరు శ్రీకాకుళం జిల్లా. టీవీలో తెలుగు చానళ్లన్నీ ఒకే వార్త చెబుతున్నాయి. ముందు రోజు రాత్రి ఎర్రవల్లి ఫాంహౌస్‌లో కేసీఆర్ బాత్రూంలో జారిపడ్డారు, తుంటి ఎముక విరిగింది, హైదరాబాద్ సోమాజిగూడలోని యశోద ఆసుపత్రిలో చేర్చారు.

పెద్దాయన వెంటనే రాజకీయాల్లోకి దిగిపోయారు. ఓడిన నాలుగు రోజులకే ఇలా జరగాలా అన్నది ఆయన బాధ. ఆవిడ మాత్రం టీవీకేసి కాసేపు చూసి, కొడుకు బాల్కనీలోకి వెళ్లాక మెల్లగా అన్నారు: ‘‘నేనూ పడ్డాను నాయినా. దసరాల్లో. బాత్రూంలోనే.’’ ఎవరికీ చెప్పలేదేం మామ్మగారూ అంటే, ‘‘చెప్తే ఏటవుద్ది? తలుపుకి గొళ్లెం పెట్టుకోనివ్వరు. సంక్రాంతికి ఊరు ఎళ్లనివ్వరు. మోకాలు కందిపోతే పసుపు రాసుకున్నాను, తగ్గిపోయింది’’ అన్నారు.

ఆవిడ వయసు 74. ఆ రోజు నుంచి నాకు కేసీఆర్ తుంటి కంటే ఆవిడ మోకాలే ఎక్కువ గుర్తొస్తోంది.

పెద్ద నాయకుడు పడితే ఆసుపత్రి బులెటిన్ వస్తుంది. అందుకే కేసీఆర్ విషయంలో వివరాలన్నీ మనకు తెలుసు. వయసు 69. విరిగింది ఎడమ తుంటి. తొడ ఎముక తల కింద, మెడలాంటి సన్నని చోట విరిగింది. అక్కడ విరిగితే ఎముక తలకు నెత్తురు తీసుకెళ్లే సన్నని నాళాలు తెగిపోయే ప్రమాదం ఉంది కాబట్టి, వయసు మళ్లినవారికి డాక్టర్లు అతికించే ప్రయత్నం కన్నా కృత్రిమ కీలు అమర్చడానికే మొగ్గుచూపుతారు. ఆయనకూ అదే చేశారు. కోలుకోవడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుందన్నారు. డిసెంబర్ 15న ఇంటికి వెళ్లారు. గజ్వేల్ ఎమ్మెల్యేగా ప్రమాణం చేయడానికి అసెంబ్లీకి వచ్చింది 2024 ఫిబ్రవరి 1న, చేతికర్ర సాయంతో. ప్రతిపక్షంలో కూర్చోవాల్సిన మొదటి రెండు నెలలు ఒక తడి నేల తీసేసుకుందన్నమాట. 2020 ఆగస్టులో ఢిల్లీలో మాజీ రాష్ట్రపతి ప్రణబ్ ముఖర్జీ కూడా ఇంట్లోనే పడ్డారు. మెదడులో గడ్డ కట్టిన నెత్తురు తీయడానికి ఆపరేషన్ చేశారు. కొవిడ్ కూడా తోడైంది. మూడు వారాలకు, ఆగస్టు 31న కన్నుమూశారు. ఇద్దరికీ నౌకర్లున్నారు, డాక్టర్లున్నారు, రక్షణ సిబ్బంది ఉన్నారు. బాత్రూంలోకి మాత్రం కమెండోలు రారు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం ఏటా 6 లక్షల 84 వేల మంది పడిపోవడం వల్లే చనిపోతున్నారు. ప్రమాద మరణాల్లో రోడ్డు ప్రమాదాల తర్వాతి స్థానం దీనిదే. ఇందులో 80 శాతానికి పైగా మనలాంటి మధ్య, అల్పాదాయ దేశాల్లోనే. 65 దాటినవాళ్లలో ఏటా వందకు 28 నుంచి 35 మంది ఒక్కసారైనా పడతారని అదే సంస్థ 2007 నివేదికలో చెప్పింది. తుంటి విరిగిన వృద్ధుల్లో నూటికి ఇరవై, ముప్పై మంది ఏడాది తిరగకుండానే చనిపోతున్నారని అనేక దేశాల అధ్యయనాలు చెబుతున్నాయి. మంచానికి అతుక్కుపోతే న్యుమోనియా, కాళ్లలో గడ్డకట్టే నెత్తురు, పుండ్లు వరసగా వస్తాయి. మన ఊళ్లలో ‘పడ్డాడు, ఇక లేవలేదు’ అనేస్తాం. మరణ ధ్రువపత్రంలో గుండె ఆగిందని రాస్తారు. పడటం అన్న మాట ఎక్కడా ఉండదు.

ఒకసారి పడ్డవారు మళ్లీ పడే అవకాశం రెట్టింపు. అంటే మామ్మగారి దసరా రహస్యం నిజానికి ఆమె గురించి డాక్టరుకు తెలియాల్సిన అతి ముఖ్యమైన సమాచారం. అది ఎక్కడా నమోదు కాలేదు. ఆవిడ ప్రతి నెలా బీపీ చూపించుకుంటారు, షుగర్ చూపించుకుంటారు. ‘ఈ మధ్య పడ్డారా?’ అని ఒక్కరూ అడగలేదు. ఆవిడంతట ఆవిడ చెప్పరు. ఎందుకు చెప్పరో నాకు చెప్పేశారు కదా. గొళ్లెం, ఊరు. పడ్డానని ఒప్పుకుంటే పోయేది స్వేచ్ఛ. కొడుకూ కోడలూ చెడ్డవాళ్లేం కాదు. ప్రేమతోనే ‘నువ్వు కదలొద్దమ్మా’ అంటారు. కదలకపోతే కాళ్లలో కండ తగ్గిపోతుంది, కండ తగ్గితే తూలు ఎక్కువవుతుంది. ఇంకోసారి పడటానికి అంతకంటే దగ్గర దారి లేదు.

ఇప్పుడు నయా రాయపూర్ సంగతి. 2000 నవంబర్ 1న ఛత్తీస్‌గఢ్ పుట్టాక, పాత రాయపూర్‌కు ఇరవై కిలోమీటర్ల దూరంలో పొలాల మధ్య గీసిన రాజధాని ఇది. 2012లో సచివాలయం ఇక్కడికి వచ్చింది. 2018లో వాజపేయి మరణించాక ఊరి పేరు అటల్ నగర్ అయింది, ఇప్పుడు కాగితాల మీద నవా రాయపూర్ అటల్ నగర్. జనం నోట మాత్రం నయా రాయపూరే. విశాలమైన రోడ్లు, క్రికెట్ స్టేడియం, జంగిల్ సఫారీ. చిన్నపిల్లల గుండె ఆపరేషన్లు ఉచితంగా చేసే సత్యసాయి సంజీవని ఆసుపత్రి కూడా ఇక్కడే ఉంది. 2025 మార్చిలో రాయపూర్ నుంచి రైలు కూడా వచ్చింది, నవంబర్‌లో కొత్త అసెంబ్లీ భవనం ప్రారంభమైంది. అన్నట్టు, ఈ ఊరు ఎవరి పేరు మోస్తోందో ఆయన మోకాళ్ల కథ ఒక తరానికంతా తెలుసు. ఛత్తీస్‌గఢ్ ఏర్పడటానికి మూడు వారాల ముందే, 2000 అక్టోబర్‌లో, ముంబై బ్రీచ్ క్యాండీలో ప్రధాని వాజపేయికి ఎడమ మోకాలి మార్పిడి జరిగింది. 2001 జూన్‌లో కుడి మోకాలికీ చేశారు. ఆయన ఎర్రకోట మెట్లు ఎక్కుతుంటే దేశమంతా ఊపిరి బిగబట్టి చూసేది.

ఆ పేరున్న ఊరు ముసలి కాళ్లను గుర్తుపెట్టుకుని కట్టినట్టు కనిపించదు. ఉద్యోగులు వయసులో ఉన్నవాళ్లు. ఉద్యోగం కుదురుకున్నాక ఊళ్ల నుంచి తల్లిదండ్రుల్ని తెచ్చుకుంటారు. పెరటి మట్టి మీద, సిమెంటు గచ్చు మీద డెబ్బై ఏళ్లు నడిచిన పాదాలు ఒక్కసారిగా అద్దంలాంటి టైల్స్ మీదకి వస్తాయి. నేను వెళ్లిన ఫ్లాట్లలో చాలావాటికి బాత్రూం నేల మిగతా ఇంటికంటే ఒక బెత్తెడు దిగువన ఉంటుంది, నీళ్లు గదుల్లోకి రాకుండా. ఆ బెత్తెడు కనిపించదు, ఎందుకంటే పైనా కిందా ఒకే తెలుపు. మన పాత ఇళ్లలో గడపలు ఇంకా ఎత్తుగా ఉండేవి, నిజమే. కానీ వాటికి పసుపు రాసి కుంకుమ బొట్లు పెట్టేవాళ్లు. అది లక్ష్మి కోసమే అయినా, చూపు మందగించిన అత్తగారికి ‘ఇక్కడ కాలెత్తు’ అని చెప్పే గుర్తు కూడా అదే. మెట్టు అంచుకు వేరే రంగు వేయండని ఇవాళ నిపుణులు చెబుతున్నది దీని గురించే.

తలుపు సంగతి కూడా చెప్పాలి. మన బాత్రూం తలుపులు దాదాపు అన్నీ లోపలికే తెరుచుకుంటాయి. లోపల మనిషి పడితే ఆ మనిషే తలుపుకు అడ్డం. పైగా లోపలి నుంచి గొళ్లెం. గంటకు మించి నేల మీద ఉండిపోయినవాళ్లకు, ఎముక విరగకపోయినా, తర్వాత కోలుకోవడం చాలా కష్టమవుతుందని వైద్యులు చెబుతారు. బయటకు తెరుచుకునే తలుపు, బయటి నుంచి కూడా తీయగల గడియ ఉంటే మామ్మగారి పరువూ దక్కుతుంది, ప్రాణమూ దక్కుతుంది. వడ్రంగికి ఒక పూట పని.

అయితే నేల ఒక్కటే దోషి కాదు. తెల్లవారుజామున లేచీ లేవగానే బాత్రూంకు పరుగెత్తే అలవాటు మన ముసలివాళ్లది. పడుకున్నవాళ్లు ఒక్కసారిగా నిలబడితే నెత్తురు కాళ్లలోకి దిగుతుంది. వయసులో ఉన్న శరీరం క్షణంలో సర్దుకుంటుంది. పెద్దవయసులో, అందునా బీపీ మాత్రలూ ప్రొస్టేట్ మాత్రలూ వాడుతున్నప్పుడు అంత త్వరగా సర్దుకోదు. నిలబడ్డ మూడు నిమిషాల్లో పై బీపీ 20 పాయింట్లు పడిపోతే దాన్ని జబ్బు కిందే లెక్కేస్తారు. పడుకోబెట్టి ఒకసారి, నిలబెట్టి ఒకసారి బీపీ చూసే డాక్టరు ఎంతమందికి దొరికారో పాఠకులు గుర్తుచేసుకోండి. ఇక నిద్రమాత్ర. చీటీ అక్కర్లేకుండా మందుల షాపులో దొరికే ఆ చిన్న బిళ్ల మామ్మగారి డబ్బాలోనూ ఉంది. ఎవరు రాశారో, ఎన్నేళ్ల కిందట రాశారో ఆవిడకే గుర్తులేదు. దాని మత్తు రాత్రి రెండింటికి లేచినప్పుడూ ఉంటుంది. దాన్ని ఒక్కసారిగా మానేయకూడదు, డాక్టరును అడిగి మెల్లగా తగ్గించాలి. షుగర్ ముదిరినవాళ్లకు అరికాళ్లు మొద్దుబారి నేల తగిలినట్టే తెలియదు.

చూపు గురించి మన హైదరాబాద్‌లోనే మంచి పని జరిగింది. ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రి వాళ్లు నగరంలోని వృద్ధాశ్రమాలు తిరిగి పరీక్షలు చేస్తే దాదాపు మూడో వంతు మందికి చూపు లోపం ఉన్నట్టు తేలింది. అందులో ఎక్కువ భాగం శుక్లం ఆపరేషన్‌తోనో కళ్లద్దాలతోనో సరయ్యేదే. బ్రిటన్‌లో ఒక ప్రయోగంలో మొదటి కంటి శుక్లం ఆపరేషన్‌ను వాయిదా వేయకుండా త్వరగా చేసినవాళ్లలో పడటాలు మూడో వంతు తగ్గాయి. విటమిన్ డి గురించి మన దగ్గర నడుస్తున్న ప్రచారానికి మాత్రం అంత బలం లేదు. లోపం ఉన్నవారికి అవసరమే. పడకుండా ఉండాలని అందరూ మింగడం వల్ల లాభం తేలలేదు, ఏడాదికోసారి భారీ మోతాదు ఇస్తే ఆస్ట్రేలియాలో పడటాలు ఇంకా పెరిగాయి.

పనిచేస్తుందని గట్టిగా తేలింది కసరత్తు. నడక ఒక్కటే చాలదు. కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేచి కూర్చోవడం, గోడ పట్టుకుని ఒంటికాలి మీద నిలబడటం, ఒక కాలి వేళ్ల ముందు మరో కాలి మడమ వేసి నడవడం, ఇలా తూకాన్ని పరీక్షించేవి వారానికి కొన్నిసార్లు చేస్తే పడటాలు దాదాపు నాలుగో వంతు తగ్గుతాయని 2019లో వందకు పైగా ప్రయోగాలను కలిపి చూసిన సమీక్ష తేల్చింది. ఇంట్లో ప్రమాదకరమైన చోట్లను వెతికి సరిచేస్తే, ముఖ్యంగా ఇప్పటికే పడినవారి ఇళ్లలో, మూడో వంతుకు పైగా తగ్గుతాయని 2023లో మరో సమీక్ష చెప్పింది. పీటల మీద కూర్చుని లేచే అలవాటు పోయి డైనింగ్ టేబుల్ వచ్చాక మన కాళ్లకు రోజూ జరిగే వ్యాయామం పోయిందని నా అనుమానం. రుజువు అడగవద్దు.

రాజనీతిశాస్త్రం చదువుకున్నవాడిని కాబట్టి నాకు అసలు ప్రశ్న ఇక్కడే మొదలవుతుంది. ఇంత చౌకగా ఆపగలిగినదాన్ని సర్కారు ఎందుకు పట్టించుకోదు?

వృద్ధుల కోసం మన దగ్గర విధానాలకు కొదవ లేదు. 1999లో జాతీయ విధానం వచ్చింది. 2007లో తల్లిదండ్రుల పోషణ చట్టం. 2010-11లో వృద్ధుల ఆరోగ్య సంరక్షణ కార్యక్రమం. 2017 ఏప్రిల్ 1న మన నెల్లూరులోనే రాష్ట్రీయ వయోశ్రీ యోజన మొదలైంది, పేద వృద్ధులకు చేతికర్రలు, వాకర్లు, కళ్లద్దాలు, పళ్లసెట్లు పంచడానికి. 2019లో రిటైర్మెంట్ హోంలు ఎలా కట్టాలో కేంద్రం నమూనా మార్గదర్శకాలిచ్చింది. జారని టైల్స్, పట్టుకునే కడ్డీలు అన్నీ అందులో ఉన్నాయి. కానీ మన ముసలివాళ్లలో రిటైర్మెంట్ హోంలో ఉండేవాళ్లెందరు? కొడుకు ఫ్లాట్‌లో ఉన్న మామ్మగారికి ఆ మార్గదర్శకం వర్తించదు. చేతికర్ర మంచిదే, కానీ నిలబడి చెయ్యి వేలాడదీస్తే దాని పిడి మణికట్టు ముడత దగ్గరికి రావాలి. పొట్టి మనిషికి పొడుగు కర్ర ఇస్తే అదే తట్టుకుని పడతాడు. వేదిక మీద అందరి చేతికీ కర్ర వచ్చిందా అన్నది ఫొటోలో కనిపిస్తుంది, ఎవరి ఎత్తుకు ఎవరి కర్ర అన్నది కనిపించదు.

2024 అక్టోబర్ 29 నుంచి 70 దాటిన ప్రతి ఒక్కరికీ, ఆదాయంతో నిమిత్తం లేకుండా, ఆయుష్మాన్ భారత్ కింద ఏడాదికి రూ. 5 లక్షల దాకా చికిత్స వర్తిస్తుంది. గొప్ప మేలు, కాదనను. తుంటి విరిగిన మామ్మగారికి ఆపరేషన్ ఖర్చు సర్కారు భరిస్తుంది. తుంటి విరగకుండా గోడకు కొట్టాల్సిన ఉక్కు కడ్డీకి మాత్రం ఆ కార్డు మీద ఒక్క రూపాయి రాదు, ఎందుకంటే ఆసుపత్రిలో చేరితేనే బీమా. పడ్డాక ఐదు లక్షలు, పడక ముందు సున్నా. జపాన్ దీన్ని తిరగేసింది. 2000 ఏప్రిల్‌లో మొదలైన వాళ్ల దీర్ఘకాలిక సంరక్షణ బీమా, సాయం అవసరమని తేలిన వృద్ధుల ఇళ్లకు 2 లక్షల యెన్‌ల దాకా మార్పుల ఖర్చు లెక్కలోకి తీసుకుంటుంది. గోడ కడ్డీలు, ఎత్తుపల్లాలు సరిచేయడం, జారని నేల, పక్కకు జరిగే తలుపు, కమోడ్ అమర్చడం. ఇంటివాళ్లు మామూలుగా పదో వంతు పెట్టుకుంటే చాలు. సింగపూర్ ప్రభుత్వ ఫ్లాట్లలో 2012 నుంచి ఇలాంటి పథకమే నడుస్తోంది.

మన నాయకులు కఠినులేం కాదు. ఆపరేషన్ చేయించుకున్నవాడికి పేరుంది, ఓటుంది, కృతజ్ఞత ఉంది. అతన్ని వేదిక ఎక్కించి శాలువా కప్పొచ్చు. జరగని ప్రమాదానికి లబ్ధిదారుడు ఉండడు. ‘ఈ ఏడాది మా ప్రభుత్వం వల్ల ఇన్ని వేల మంది పడలేదు’ అని ఏ మంత్రి చెప్పినా సభలో నవ్వుతారు.

అందుకే కొత్త పథకం పెట్టమని అడగడం కన్నా ఉన్నదాన్ని వాడుకోమని అడగడం తెలివైన పని అనిపిస్తుంది. ఛత్తీస్‌గఢ్ దగ్గర మిగతా రాష్ట్రాలు కాపీ కొట్టిన ఆస్తి ఒకటుంది. 2002లో ఇక్కడ మొదలైన మితానిన్ కార్యక్రమం. పల్లె పల్లెకూ ఒక ఆరోగ్య కార్యకర్త. 2005లో దేశమంతా వచ్చిన ‘ఆశా’లకు స్ఫూర్తి ఇదే. ఇప్పుడు దాదాపు 70 వేల మంది ఉన్నారు. మితానిన్ అంటే ఛత్తీస్‌గఢీలో స్నేహితురాలు. ఊరికే పరిచయం కాదు, పూజ చేసి ప్రమాణం చేసుకున్న స్నేహం. కొడుక్కి చెప్పని మాట స్నేహితురాలికి చెబుతారు. వివిధ దేశాల నిపుణులు 2022లో కలిసి రాసిన మార్గదర్శకాలు, పెద్దవాళ్లు వైద్యుల కంటపడ్డప్పుడల్లా, కనీసం ఏడాదికోసారి, పడ్డారా అని అడగమన్నాయి. ప్రశ్నలు మూడే: గత ఏడాదిలో పడ్డారా, నిలబడితే, నడిస్తే తూలుతున్నట్టుందా, పడతామన్న భయముందా. అవునన్నవాళ్లను కుర్చీలోంచి లేచి మూడు మీటర్లు నడిచి తిరిగొచ్చి కూర్చోమనాలి. 12 సెకన్లు, అంతకుమించి పడితే జాగ్రత్త పడమంటుంది అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ. దీనికి గడియారం చాలు. అయితే మితానిన్ల మీద ఇప్పటికే మోయలేనన్ని రిజిస్టర్లున్నాయి. అదనపు ప్రశ్నకు అదనపు డబ్బు ఇవ్వకపోతే జవాబులు ఇంట్లో కూర్చునే రాస్తారు, వాళ్లను తప్పుపట్టలేం.

ప్రశ్న పల్లెలోనూ అవసరమే. రాజధాని కోసం భూములిచ్చిన ఊళ్లు ఈ సెక్టార్ల మధ్యే ఉన్నాయి. అక్కడి అవ్వలు చెరువులో స్నానం చేస్తారు. వానాకాలంలో చెరువు మెట్ల మీద పాకుడు. కొత్తగా కట్టిన మరుగుదొడ్లలో నేను చూసినవాటికి ఎత్తుగా రెండు మెట్లు, పట్టుకోవడానికి ఏమీ లేదు. మెట్టు పక్కన ఒక వెదురు బొంగు పాతుకున్న ఇల్లు ఒకటి కనిపించింది. ఏ ఇంజనీరూ చెప్పలేదు, అవ్వే పాతించుకుంది.

మళ్లీ మామ్మగారింటికి వస్తాను. ఆవిడ మాట నిలబెట్టి కొడుక్కి చెప్పకుండా ఉండాల్సింది. నేను ఉండలేకపోయాను. సంక్రాంతికి ఆవిడ ఊరు వెళ్లి వచ్చేదాకా ఆగి, తర్వాత చెప్పాను. అతను మర్నాడే రాయపూర్ నుంచి మెరిసే కడ్డీ ఒకటి తెచ్చి గోడకు బిగించాడు. రెండు వారాలకు అది ఊడి చేతికొచ్చింది. అది తువ్వాళ్ల కడ్డీ. మనిషి బరువు మోయడానికి చేసింది కాదు, టైల్ పైపైన రెండు చిన్న మరలతో నిలిచింది. అదృష్టం బావుండి ఊడింది పెద్దాయన చేతిలో, అదీ ఉత్తి చేతి బరువుకే. ఈసారి మేస్త్రీని పిలిచి గోడలోకి లోతుగా తూట్లు పొడిపించి మందపాటి ఉక్కుది వేయించారు, కమోడ్ పక్కన ఒకటి, స్నానం చేసే చోట ఒకటి. వెయ్యి రూపాయలకు అటూ ఇటూ ఒక్కోటి. గొళ్లెం తీసేసి బయటి నుంచి కూడా తీయగల గడియ పెట్టారు. నిద్రమాత్ర సగానికి తగ్గింది.

మొన్న వెళితే కొత్త కడ్డీ మీద మూడు తువ్వాళ్లు, పెద్దాయన బనీను ఆరేసి ఉన్నాయి. ఇదేమిటి మామ్మగారూ అంటే, ‘‘మరెక్కడ ఆరేస్తాం నాయినా, పాతది ఊడిపోయింది కదా’’ అన్నారు.